చేవ్రాలు – సాక్ష్యము: క్రీడా స్మారకముల సేకరణపై ఒక పరిశీలన

చేవ్రాలు అను తెలుగు మాటను విడదీసినచో చేయి, వ్రాలు అను రెండు పదములు వచ్చును. ఉర్దూలోని దస్తఖత్‌ను విడదీసినచో దస్త్ అనగా చేయి, ఖత్ అనగా వ్రాత. సంస్కృతములోని హస్తాక్షరమును విడదీసినను ఫలితము అదియే. మూడు భాషలు మూడు మాటలను కల్పించుకొన్నవి. వానిలో ఏ ఒక్కదానియందును 'పేరు' అను పదము లేదు. మూడింటియందును చేయి ఉన్నది. పేరును ఎవరైనను వ్రాయవచ్చును, అచ్చు వేయవచ్చును, రాతిపై చెక్కవచ్చును. చేవ్రాలు మాత్రము ఆ మనిషి చేయి ఆ వస్తువు దగ్గరకు వచ్చిన చోటనే పుట్టును. ఈ చిన్న భేదమే ఈ వ్యాసమునకు ఆధారము.

సాహిత్య విద్యార్థులకు ఈ విషయము పూర్తిగా కొత్త కాదు. తెలుగు కావ్యములలో ఆశ్వాసము ముగియునపుడు వచ్చు గద్యములో కవి తన తండ్రి పేరును, తన పేరును చెప్పుకొనును. గజల్ చివరి షేర్ అయిన మఖ్తాలో ఉర్దూ కవి తన తఖల్లుస్‌ను నిలుపును. ఆ రెండింటి భావము ఒక్కటే: ఈ రచన నాది. క్రీడాకారుడు బంతిపై చేయు చేవ్రాలు అట్టిది కాదు. ఆ బంతిని ఆతడు తయారు చేయలేదు. అది ఆతని సొత్తును కాదు. ఆతడు దానిపై చెప్పునది వేరొక మాట: ఈ దినమున, ఈ చోట, ఈ వస్తువు దగ్గర నేను ఉంటిని. కవి చేవ్రాలు కర్తృత్వమును తెలుపును. ఆటగాని చేవ్రాలు సాక్ష్యమిచ్చును.

ఆటగాండ్ర చేవ్రాలు గల బంతులు, చొక్కాలు, బ్యాట్లు, ఛాయాచిత్రములు మొదలగువానిని సేకరించుట నేడు ప్రపంచమంతట వ్యాపించిన అభిరుచి. మన విద్యార్థులలోను అనేకులకు ఈ కోరిక కలదు. దీనిని గూర్చి వ్రాయుటకు మేము పూనుకొనుటకు కారణము మాత్రము దూరదేశపు వేలముపాట కాదు. మన కళాశాల క్రీడాగదిలోని ఒక బంతి.

మన గదిలోని బంతి

కొన్ని సంవత్సరముల క్రిందట మన బాస్కెట్‌బాల్ జట్టు అంతర కళాశాల పోటీలో గెలిచి వచ్చినది. ఆ సాయంకాలము తుది ఆటలో వాడిన బంతిపై 12 మంది ఆటగాండ్రును నల్లని మార్కరుతో సంతకములు చేసినారు. కొందరు తెలుగులో, ఇద్దరు ఉర్దూలో, మిగిలినవారు ఇంగ్లీషులో. ఆ బంతి క్రీడాగది బీరువాపై ఉండెడిది. దాని ప్రక్కన కాగితము లేదు, తేదీ లేదు. అది ఏ బంతియో అందరికిని తెలుసునని అందరమును అనుకొన్నాము.

తరువాతి సంవత్సరము సాధనకు బంతులు తక్కువైనవి. గది తాళపుచెవి ఆ దినమున మా వద్ద ఉన్నది. బాలురు వచ్చి అడిగినారు. బీరువాపై బంతి కనబడినది. మేము తీసి ఇచ్చినాము. సిమెంటు నేలపై రెండు వారములు ఆడిన పిమ్మట దానిపై ఒక్క అక్షరమును మిగులలేదు. ఆ తప్పు బాలురది కాదు, మాది.

మరి రెండేండ్లకు మొదటి సంవత్సరములో చేరిన ఒక విద్యార్థిని మా వద్దకు వచ్చి, "సార్, మా భాయిజాన్ సంతకం చేసిన బంతి ఈ గదిలో ఉందట. ఒకసారి చూపిస్తారా?" అని అడిగినది. ఆమె అన్న ఆ పన్నెండుగురిలో ఒకడు. చదువు ముగించి గల్ఫ్ దేశమునకు వెళ్లి ఫిట్టరు పనిలో కుదిరినాడు. ఫోనులో మాట్లాడినపుడెల్ల ఆ బంతిని చూచితివా అని చెల్లెలిని అడుగునట. మేము ఆమెకు జరిగినది జరిగినట్లు చెప్పినాము. ఆమె కొంతసేపు ఊరకుండి, "పర్వాలేదు సార్, సెలవుకు వచ్చినప్పుడు మళ్లీ చేయమంటాను" అని వెళ్లినది.

ఆమె వెళ్లిన తరువాత ఆ మాట మమ్ములను వదలలేదు. ఆ యువకుడు ఎన్ని మారులైనను సంతకము చేయగలడు. ఆ సాయంకాలపు సంతకమును మాత్రము చేయలేడు. మేము పోగొట్టినది సిరా అయినచో మరల తెచ్చి పోయవచ్చును. పోయినది సాక్ష్యము. సేకరణ అను విషయమును ఆ దినము నుండియే మేము శ్రద్ధగా చదువుట మొదలుపెట్టినాము. ఆ చదువులో తెలిసినవానిని విద్యార్థుల యెదుట ఉంచుచున్నాము.

వెల దేనికి?

బాస్కెట్‌బాల్ ఆటకు పుట్టినతేదీ కలదు. 1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములో జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున గదిలో ఆడుకొనుటకు ఒక ఆటను కల్పించి, 13 నియమములను టైపు చేయించి వ్యాయామశాలలో తగిలించినాడు. గోలునకు బదులు పండ్ల బుట్టలను కట్టినారు. ఆ రెండు కాగితములు నిలిచినవి. సుమారు 40 ఏండ్ల తరువాత, 1931లో, నెయిస్మిత్ ఆ కాగితముపై తన చేవ్రాలు చేసి ఆనాటి తేదీని వేసినాడు. 1891 నాటి కాగితమునకు 1931 నాటి సంతకము. ఆయన వెనుకటి తేదీని వేసియున్నచో ఎవరును ప్రశ్నించియుండరు. ఆయన వేయలేదు. 2010 డిసెంబరులో ఆ కాగితములు న్యూయార్కులో వేలమునకు వచ్చి 43 లక్షల డాలర్లకు పైగా పలికినవి. కొన్నవారు వానిని, నెయిస్మిత్ పూర్వము పనిచేసిన కాన్సస్ విశ్వవిద్యాలయమునకే చేర్చినారు. నేడు అక్కడ విద్యార్థులు వానిని చూడగలరు.

దీనికి ఎదురుగా మరియొక కథ కలదు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియా రాష్ట్రములోని హెర్షీలో విల్ట్ చేంబర్లేన్ ఒక్క ఆటలో 100 పాయింట్లు సంపాదించినాడు. ఫిలడెల్ఫియా 169, న్యూయార్కు 147. నేటికిని ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆ ఆటకు టెలివిజను చిత్రము లేదు. ఆటస్థలము నుండి ఒక బాలుడు బంతిని తీసుకొని పరుగెత్తినాడు. 2000లో ఆ బంతి వేలమునకు వచ్చి 5 లక్షల 51 వేల డాలర్లకు పైగా పలికినది. అంతలో, వందవ పాయింటు పడిన బంతిని అప్పుడే ప్రక్కకు తీసినారనియు, బాలుడు తీసుకొనిపోయినది దాని స్థానములో వచ్చిన వేరొక బంతియనియు నాడు అక్కడ ఉన్నవారు చెప్పినారు. అమ్మకము ఆగినది. అదే బంతి తరువాత సుమారు 68 వేల డాలర్లకు పోయినది. తోలు మారలేదు, కుట్టు మారలేదు, అది ఆ రాత్రి ఆ మందిరములోనిదే. తగ్గినది నమ్మకము; దానితో వెలయును తగ్గినది.

చేవ్రాలు లేకున్నను సాక్ష్యము బలముగా ఉన్నచో వెల వచ్చుననుటకు మైకేల్ జోర్డాన్ చొక్కా ఉదాహరణము. 1998 ఫైనల్సు తొలి ఆటలో ఆయన ధరించిన చొక్కా 2022 సెప్టెంబరులో ఒక కోటి డాలర్లకు పైగా పలికినది. ఆ ఆటనాటి ఛాయాచిత్రములతో వస్త్రమును పోల్చి అది అదియేనని నిర్ధారించినారు. కాబట్టి సేకరణకర్త కొనునది తోలును, బట్టను, సిరాను కాదు. ఈ వస్తువు ఆ క్షణములో అక్కడ ఉన్నదను మాటను కొనును.

ఇట్టి వస్తువులు ధనికుల అద్దపు పెట్టెలలోనే ఉండవలెనని లేదు. 2011 ఏప్రిల్ 2న ప్రపంచ కప్పు తుది ఆటలో మహేంద్రసింగ్ ధోనీ వాడిన బ్యాటు అదే సంవత్సరము లండనులో ధర్మకార్యము కొరకు జరిగిన వేలములో లక్ష పౌండ్లు పలికినది. 2005 ఏప్రిల్ 5న మన విశాఖపట్టణములో పాకిస్తానుపై ఆయన 148 పరుగులు చేయుట చూచినవారు మన ఊరిలోను ఉన్నారు. వారికి ఆ బ్యాటు వెల వింతగా తోచదు. 2020లో కోవిడ్ బాధితుల సహాయార్థము పాకిస్తాను టెస్టు నాయకుడు అజహర్ అలీ తాను 2016లో 302 పరుగులు చేసిన బ్యాటును వేలమునకు పెట్టగా, పుణేలోని ఒక క్రికెట్ మ్యూజియము పది లక్షల పాకిస్తానీ రూపాయలకు దానిని కొన్నది. సరిహద్దు దాటి చేతులు కలుపుకొనుటకు ఒక కొయ్యముక్క చాలినది.

చేవ్రాలలో రకములు

వెల ఉన్నచోట మోసము చేరును. విద్యార్థి సంతకమును చూచి ఆనందపడుటకు పూర్వము అది ఏ జాతిదో తెలిసికొనవలెను. మాకు తెలిసినంతలో ఆరు రకములు కలవు.

మొదటిది స్వహస్తముతో చేసినది. ఇందులో సిరా ఒకచోట దట్టముగా, ఒకచోట పలుచగా ఉండును. వేగముగా వచ్చిన గీత చివర సన్నబడును. రెండవది కార్యదర్శియో బంధువో చేసినది. అభిమానుల ఉత్తరములు వేలకొలది వచ్చినపుడు ప్రసిద్ధుల ఇండ్లలో ఇది జరుగును. మూడవది రబ్బరు ముద్ర. మన ఆఫీసులలో చూచునదే. అంచులలో సిరా గట్టుకట్టినట్లు ఉండును. నాల్గవది ఆటోపెన్ అను యంత్రము చేసినది. ఇందులో నిజమైన కలమే కదులును గాని దానిని నడుపునది చేయి కాదు. ఇట్టి రెండు సంతకములను ఒకదానిపై ఒకటి ఉంచి వెలుతురునకు పట్టినచో అక్షరము అక్షరమునకు సరిపోవును. మనిషి తన జీవితములో రెండు సంతకములను అట్లు చేయలేడు. అచ్చముగా ఒక్కటిగా ఉండుటయే అనుమానమునకు కారణము. ఐదవది అచ్చువేసినది. భూతద్దము క్రింద చిన్న చుక్కలుగా విడిపోవును. ఆరవది దొంగ సంతకము. పోలిక బాగుండును గాని గీత నెమ్మదిగా నడిచిన గుర్తులు, వణుకు, మధ్యలో కలము ఎత్తిన జాడలు ఉండును. ఏలయన అతడు వ్రాయుట లేదు, బొమ్మ గీయుచున్నాడు.

దుకాణములలో మనము కొను అనేక బంతులపై గొప్ప ఆటగాండ్ర సంతకములు అచ్చువేసి ఉండును. మేము బాల్యములో అట్టి బంతిని ఒకదానిని కొని, ఆ ఆటగాడు దానిని స్వయముగా ముట్టుకొన్నాడని నమ్మి, నెలరోజులు నేలపై కొట్టక దాచుకొన్నాము. దుకాణదారుడు మోసము చేయలేదు, మేము అడుగలేదు. అచ్చు సంతకము అబద్ధము కాదు. అచ్చు అని చెప్పి ఇచ్చినచో అది గౌరవమైన వస్తువే. దీనికి మన దేశములోనే మహోదాహరణము కలదు. ఉత్తరప్రదేశ్‌లోని బాన్స్‌ఖేడాలో దొరికిన హర్షవర్ధనుని రాగి శాసనము క్రీ.శ. 628 నాటిది. దాని చివర ఆ చక్రవర్తి చేవ్రాలు, ఇది నా స్వహస్తమను మాటతో, వంపు సొంపుల అక్షరములలో చెక్కబడి ఉన్నది. రాగిపై చెక్కినది శిల్పి పనితనమే యైనను, అది రాజు వ్రాతకు ప్రతిరూపమని అందరికిని తెలియును. అందులో మోసము లేదు. ప్రతిరూపమును మూలమని చెప్పినపుడే మోసము పుట్టును.

అట్టి మోసము ఎంతవరకు పోగలదో అమెరికా నేరపరిశోధన సంస్థ ఎఫ్.బి.ఐ. బయటపెట్టినది. 1990ల చివరి యేండ్లలో బుల్‌పెన్ అను పేరుతో ఆ సంస్థ జరిపిన దర్యాప్తులో ముఠాలు ముఠాలుగా దొంగ సంతకములు చేయువారు పట్టుబడినారు. చనిపోయిన ఆటగాండ్ర సంతకములు వేయుటకు పాత కాగితములను, పాత బంతులను వెదకి తెచ్చెడివారు. దొరికిన సరకులో మదర్ థెరిసా సంతకము గల బేస్‌బాల్ బంతులును ఉన్నవి. కలకత్తా వీధులలో రోగులకు సేవచేసిన ఆ తల్లి అమెరికా ఆట బంతులపై సంతకము చేసియుండునా అని కొనువాడు ఒక్క నిమిషము ఆలోచింపలేదు. ధ్రువపత్రము ఉన్నదిగదా అనుకొన్నాడు. ఆ ధ్రువపత్రమును దొంగదియే.

సాక్షుల గొలుసు

అట్లైన దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు మన పూర్వులు క్రీడా స్మారకములు పుట్టకముందే సమాధానము చెప్పినారు. హదీసు పండితులు ఒక వాక్యమును స్వీకరించుటకు ముందు, అది ఎవరి నుండి ఎవరు విన్నారో ఆ పేర్ల గొలుసును అడిగినారు. దానికి ఇస్నాద్ అని పేరు. ఆ గొలుసులోని ప్రతి మనిషి ఎప్పుడు పుట్టినాడు, ఎక్కడ నివసించినాడు, తాను విన్నానని చెప్పిన వానిని నిజముగా కలిసికొనుటకు వీలున్నదా అని పరిశీలించుటకు అస్మా-ఉర్-రిజాల్ అను శాస్త్రమే ఏర్పడినది. ఇమామ్ బుఖారీ (810–870) ఆ పరిశీలనలో ప్రసిద్ధుడు. మాట ఎంత మధురమైనను గొలుసు తెగినచో వారు జాగ్రత్తపడినారు. ఆ సనద్ అను మాటయే తెలుగులో సన్నదు అయి భూముల హక్కుపత్రమునకు పేరైనది.

మన న్యాయశాస్త్రమును ఇదే త్రోవలో నడచినది. 1872 నాటి భారత సాక్ష్య చట్టము 47వ సెక్షను, ఒకని చేతివ్రాత ఆతనిదేనని చెప్పుటకు ఎవరు తగినవారో వివరించినది. అందు మొదట చెప్పినది, ఆతడు వ్రాయుచుండగా కన్నులార చూచినవాడు. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానములో భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. చూచినవాని మాటకు గల విలువ మారలేదు.

వ్యాపారస్థులును చివరకు ఇక్కడికే వచ్చినారు. 1992లో అమెరికాలో అప్పర్ డెక్ సంస్థ జోర్డాన్ వంటి ఆటగాండ్రతో ఒప్పందము చేసికొని, సంతకము జరుగునపుడే తమ ప్రతినిధిని సాక్షిగా నిలిపి, వరుససంఖ్య గల హోలోగ్రామును వస్తువునకు అంటించు పద్ధతిని ప్రవేశపెట్టినది. తరువాత వచ్చి అక్షరములను పరీక్షించు నిపుణుని కంటె, ఆ వేళ ప్రక్కన నిలిచిన సామాన్యుడు బలమైన సాక్షి.

ఇందులో మన విద్యార్థులకు గొప్ప శుభవార్త కలదు. డబ్బు లేనివాడును మంచి సేకరణకర్త కాగలడు. కావలసినది ఒక నోటు పుస్తకము. సంతకము తీసికొన్న దినముననే అందు ఐదు సంగతులు వ్రాయవలెను: ఎవరు చేసినారు, ఏ వస్తువుపై, ఏ తేదీన, ఏ ఊరిలో ఏ సందర్భములో, ప్రక్కన ఎవరున్నారు. వీలైనచో సంతకము జరుగుచుండగా ఒక ఛాయాచిత్రము తీయవలెను. వస్తువు తరువాత చేతులు మారినచో, ఎవరి నుండి ఎవరికి ఎప్పుడు మారినదో అదే పుటలో చేర్చవలెను. ఈ పుట లేని సంతకము తండ్రి పేరు లేని గద్యము వంటిది.

భద్రపరచుట

గొలుసు ఎంత గట్టిదైనను వస్తువు నశించినచో ఏమి లాభము? మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. ఎండయు తక్కువ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటిన రాత్రి మన జిల్లాలో ఎన్ని ఇండ్లలో పెట్టెలు తడిసినవో అందరును ఎరుగుదురు. కావున ఈ జాగ్రత్తలు అవసరము.

సంతకమునకు మొదటి శత్రువు ఎండ. మార్కరు సిరా ఎండ తగిలిన కొలదియు వెలిసిపోవును. కిటికీ ప్రక్క అద్దాల బీరువా అందమైనదే గాని మంచిది కాదు. కాగితముపై బాల్‌పెన్ను, బంతిపై చెరగని మార్కరు వాడవలెను. బాస్కెట్‌బాల్‌పై గరుకు బొడిపెలు ఉండుటచే గీత తెగును. అందుచేతనే సంతకముల కొరకు నున్నని తెల్లని భాగము గల బంతులను ప్రత్యేకముగా తయారు చేయుదురు. సంతకము చేసిన వెంటనే వ్రేలితో తాకరాదు. వార్నిష్ పూయరాదు, అది కాలక్రమమున పసుపుబారును. సెలోటేపు అంటింపరాదు, దాని జిగురు మరకగా మిగులును. మన ఊరిలో సర్టిఫికెట్లకు చేయించునట్లు లామినేషను చేయింపరాదు. వేడితో అంటుకొన్న ప్లాస్టికును మరల తీయుట సాధ్యము కాదు. బంతిలో గాలి మరీ బిగువుగా ఉండరాదు, పూర్తిగా తీసివేయనురాదు. నేలకు దూరముగా, గోడకు ఆనకుండ, పొడిగా ఉన్న చోట ఉంచవలెను. నోటు పుస్తకమునకు ఒక నకలు వేరొక ఇంట ఉంచవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఆ వస్తువు ఏమిటో దాని ప్రక్కనే వ్రాసి పెట్టవలెను. మా బంతి ప్రక్కన నాలుగు పంక్తుల చీటీ ఉండియున్నచో ఆ దినమున మేము దానిని ముట్టియుండెడివారము కాము.

మన ప్రాంతము, మన మర్యాద

సేకరింపదగినవారు దూరముననే ఉన్నారని అనుకొనరాదు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి బలమును గూర్చి మన తాతలు చెప్పిన కథలను విన్నాము. శ్రీకాకుళములోని స్టేడియము ఆయన పేరును ధరించినది. మేము విన్న కథలలో తేదీలు లేవు. వానిని విన్నవారమును వ్రాసి ఉంచుకొనలేదు. విజయనగర మహారాజకుమారుడు 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాండ్రను రప్పించి తన జట్టులో ఆడించినాడు; 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు నాయకుడైనాడు. ఆమదాలవలస ప్రక్కన ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ యైనది. ఆమె చేవ్రాలు గల కాగితము మన జిల్లాలో ఏ యింటనైనను ఉన్నచో, నేడే దాని వెనుక ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసికొన్నారో వ్రాసి ఉంచవలెనని మా విన్నపము. బాస్కెట్‌బాల్‌లో మన పురుషుల జట్టు 1980లో మాస్కో ఒలింపిక్సులో ఆడినది. అంతకు పూర్వమే ముంబయి నాగ్‌పాడా వీధుల నుండి వచ్చిన గులాం అబ్బాస్ ముంతసిర్ భారత జట్టుకు నాయకత్వము వహించి 1970 సంవత్సరపు అర్జున పురస్కారమును అందుకొన్నాడు. ఇట్టివారి పేర్లను మన బాలురు అమెరికా ఆటగాండ్ర పేర్లతో పాటు నేర్చుకొనవలెను.

అడుగుటకును మర్యాద కలదు. ఆటకు ముందు మనసు నిలుపుకొనుచున్న వానిని, ఓడి తల వంచుకొని పోవుచున్న వానిని అడుగరాదు. ఒక్క వస్తువుపై ఒక్క సంతకము చాలును. పది కాగితములు చాపినచో అది అభిమానము కాదు, వర్తకము. ఆతడు కాదన్నచో ఆ కాదనుటను గౌరవింపవలెను. చేయి ఆతనిది.

విన్నపము

గడచిన వేసవిలో ఆ పూర్వ విద్యార్థి సెలవుపై వచ్చినాడు. చెల్లెలితో కూడ కళాశాలకు వచ్చి, ఆ చెరిగిన బంతిని చేతిలో త్రిప్పి చూచి నవ్వినాడు. "ఇవ్వండి సార్, ఇప్పుడే చేసేస్తాను" అన్నాడు. మేము మార్కరు ఇచ్చినాము. ఒక్క కోరిక మాత్రము కోరినాము: క్రింద నేటి తేదీనే వేయుమని. ఆతడు ఒక నిమిషము మా ముఖము చూచి, ఉర్దూలో సంతకము చేసి, నేటి తేదీ వేసి, తాను ఆడిన పోటీ సంవత్సరమును దాని క్రింద వేరుగా వ్రాసినాడు. నెయిస్మిత్ 1931లో చేసినదియు ఇదియే. ఆ వివరములన్నియు ఒక కొత్త నోటు పుస్తకములో మొదటి పుటగా వ్రాసినాము. పాత సంతకములు ఎట్లు పోయినవో, ఎవరి చేతి మీదుగా పోయినవో అదే పుటలో ఉన్నది. సాక్షిగా ఆ చెల్లెలు చేవ్రాలు చేసినది.

మిగిలిన పదునొకండుగురిలో కొందరు విశాఖలో, కొందరు హైదరాబాదులో, కొందరు విదేశములలో ఉన్నారు. ఊరికి వచ్చినపుడు ఒక్కసారి రమ్మని వారిని కోరుచున్నాము. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది: కిటికీకి దూరముగా ఒక తాళము గల అద్దాల బీరువా, ఒక గట్టి అట్ట రిజిస్టరు. ఆ రిజిస్టరు ప్రిన్సిపాలుగారి గదిలో ఉండవలెను. తాళపుచెవి ఎవరు తీసికొన్నను అందు చేవ్రాలు చేసి తీసికొనవలెను. మొదట ఆ నియమము మాకు వర్తించుగాక.

విద్యార్థులారా, ఈ సంవత్సరము మీరు గెలువవచ్చును, ఓడవచ్చును. ఏదైనను ఆ దినపు బంతిపై మీ చేయి పెట్టి, తేదీ వేసి ఇవ్వుడు. మీ వెనుక వచ్చువారు ఒకనాడు వచ్చి చూపుమని అడుగుదురు. వారికి చూపుటకు మనవద్ద ఏమైనను ఉండవలెను.